పాప బాగా పాడుతోంది, టీవీ పోటీకి పంపాలా?

అమ్మా, మీరు రాసిన ఉత్తరంలో ముఖ్యంగా రెండు ప్రశ్నలున్నాయి. పాపకి తొమ్మిదేళ్లు, రెండేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, గొంతు బాగుంది. పెళ్లిలో పాడిన వీడియో ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే వేలమంది చూశారు. అప్పట్నుంచీ టీవీ ఆడిషన్‌కి తీసుకెళ్లమని అత్తగారివైపు వాళ్లు, యూట్యూబ్ చానల్ పెడదామని మీవారు. ఇదివరకు స్నానాలగదిలో కూడా పాడుకునే పిల్ల ఇప్పుడు ఏది పాడినా “ఎంతమంది చూశారమ్మా?” అంటోంది. ఈ పేరుపిచ్చి అంటకుండా పెంచడం ఎలా అన్నది మొదటిది. అలా పెంచితే పిల్ల భవిష్యత్తుకి మనమే అడ్డుపడినట్టవుతుందా అన్నది రెండోది.

నేను చాలా ఏళ్లుగా పిల్లలకి గాత్రం చెబుతున్నాను, మా జిల్లాలో పోటీలకి జడ్జిగా కూర్చుంటూ ఉంటాను. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మీ భయమంతా అక్కడే ఉంది, అది తేలకుండా మొదటిదానికి నేనేం చెప్పినా మీ ఇంట్లో నిలబడదు.

“చిన్నప్పుడే వేదికెక్కకపోతే ఇంకెప్పుడు” అని మీ ఇంట్లో ఎవరో ఒకరు బాలమురళి గారి పేరు ఎత్తే ఉంటారు. నిజమే, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎనిమిదో ఏట విజయవాడలో త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశారు. మాండొలిన్ శ్రీనివాస్ పాలకొల్లులో పుట్టి, 1978లో, పదేళ్లు నిండకుండానే గుడివాడలో ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశాడు. అయితే ఆ కచేరీలకి ముందూ వెనకా ఏముందో కూడా చూడాలి. బాలమురళి గారి నాన్నగారు వేణువు నేర్పే మనిషి, అమ్మగారు వీణ వాయించేవారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు త్యాగరాజ శిష్యపరంపరకి చెందినవారు. కచేరీ అయిపోయాక పిల్లవాణ్ని ఊరేగించి వదిలెయ్యలేదు, పాఠం సాగుతూనే ఉంది. శ్రీనివాస్ సంగతి ఇంకా విచిత్రం. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన గొంతుతో పాడేవారు, పిల్లవాడు విని అదంతా వాద్యం మీద పలికించేవాడు. అంటే చెవికి పని, వేలికి పని, రోజూ, ఇంటి లోపల. అలా జరుగుతున్న చదువులో కచేరీ కూడా ఒక మెట్టు. ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది దానికి తిరగబడింది. ముందు వేదిక తేదీ ఖాయమవుతుంది, దానికి సరిపడా ఒక పాట ‘దింపుతారు’, అంటే బట్టీ పట్టిస్తారు.

ఆ దింపడం ఎలా ఉంటుందో జడ్జి కుర్చీలోంచి చెప్తాను. ఒక పిల్ల వస్తుంది, పట్టులంగా, పూలజడ. అద్భుతంగా పాడుతుంది. సంగతులు, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు, గీసినట్టు పడతాయి, ఎక్కడ చెయ్యి ఎత్తాలో ఎక్కడ నవ్వాలో కూడా నేర్పి ఉంటారు. పాట అయ్యాక నేను మామూలుగా “ఇంకేదైనా పాడమ్మా, నీకిష్టమైంది” అంటాను. చాలామంది వెనక్కి తిరిగి అమ్మ వంక చూస్తారు. అమ్మ ఓ పేరు చెప్తుంది, అదీ పోటీ పాటే. అదే రాగంలో చిన్న గీతం పాడమంటే రాదు, ఎప్పుడో మర్చిపోయారు. రెండేళ్లలో నాలుగు పాటలు. ఆ నాలుగూ ఏ వేదికమీదైనా బహుమతి తెస్తాయి. ఐదోది ఎవరైనా కూర్చోబెట్టి నూరిపోస్తే తప్ప రాదు, ఎందుకంటే సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు అనే తొలి పాఠాలన్నీ పోటీల హడావిడిలో పైపైన దాటించేశారు. పునాది లేదు కాబట్టి పిల్లకి సొంతంగా కొత్త పాట పట్టుకునే శక్తి రాలేదు. తల్లిదండ్రులకి ఇది కనపడదు, షెల్ఫులో కప్పులు పెరుగుతూనే ఉంటాయి గనక.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి నా జవాబు: పేరు కోసం పరిగెత్తించకపోవడం వల్ల పిల్ల భవిష్యత్తుకి వచ్చే నష్టం ఏమీ లేదు. పరిగెత్తిస్తేనే వచ్చే నష్టం చాలా ఉంది. గాయని కావాలని రాసి ఉంటే ఆ దారికి కావలసిన సరుకంతా ఇంట్లో, గురువు దగ్గర నెమ్మదిగానే తయారవుతుంది.

ఇక “ఎంతమంది చూశారమ్మా” అన్న మాట. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో చేసిన ప్రయోగం ఒకటి చాలా ప్రసిద్ధం. బొమ్మలు గీయడం తమంతట తామే ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకున్నారు. కొందరికి “బొమ్మ గీస్తే బంగారు చుక్క, రిబ్బన్ ఉన్న పట్టా (సర్టిఫికెట్) ఇస్తాం” అని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా, గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ లేదు. కొన్నాళ్లయ్యాక తరగతిలో మళ్లీ అవే రంగు పెన్నులు ఊరికే పెట్టి చూస్తే, పట్టా ఆశ చూపించిన పిల్లలు మిగతా వాళ్లు గీసినంత సేపట్లో సగం సేపు మాత్రమే గీశారు. అనుకోకుండా పట్టా అందుకున్న పిల్లలకి మాత్రం ఆ ఇష్టం తగ్గలేదు. దీంట్లో మనకి కావలసింది ఆ చివరి వాక్యం. బహుమతి ఇచ్చినందువల్ల ఇష్టం పాడవలేదు, బహుమతి కోసమే గీస్తున్నామన్న ఒప్పందం మొదట్లోనే కుదిరినందువల్ల పాడయింది. మీ పాప పెళ్లిలో ఊరికే పాడింది, మెప్పు దానంతటదే వచ్చింది. అక్కడ తప్పేం జరగలేదు. ఇప్పుడు ప్రతి పాటకీ ముందే లెక్క ఎదురుచూస్తోంది, జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

ఈ తేడా ఇంట్లోనే కనిపెట్టొచ్చు. పిల్ల తనకోసం పాడుకుంటున్నప్పుడు గమనించండి. పల్లవి రెండో సంగతి దగ్గర ఆగుతుంది, నచ్చిందో, కుదరలేదో, మళ్లీ వెనక్కి వెళ్తుంది, అదే ముక్క నాలుగుసార్లు తిప్పుతుంది, మిగతా పాట వదిలేసి వెళ్లి నీళ్లు తాగుతుంది. సగం పాటలు పూర్తిచెయ్యదు. అదే ఫోను ముందు కూర్చోబెడితే మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పాడుతుంది, తారషడ్జం (పైస్థాయి ‘స’) దగ్గర తెర వంక చూస్తుంది, తప్పు వస్తే మొహం మాడ్చుకుని “మళ్లీ మొదట్నుంచి తీద్దాం” అంటుంది. మొదటి రకం పాటే చదువు. అది పిల్ల రోజులో ఇంకా ఉందా అన్నది ఒక్కటే చూసుకోండి. ఉంటే రెండో రకం అప్పుడప్పుడూ జరిగినా ఏం కాదు.

అసలు పేరు వెంట పడొద్దని నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఎనిమిదో తరగతి. నవ్వకండి. మన రాష్ట్రాల్లో సంగీతం, నాట్యం మానేసే వయసు అదే. ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, అప్పటిదాకా శని, ఆదివారాలు తిప్పిన తండ్రి “ఇంత చేశాం, ఏం వచ్చింది” అని లెక్క చూసుకుంటాడు. పేరు రాలేదు. ఇక మానెయ్యడమే. ఇంటర్‌లో హాస్టల్, తర్వాత ఇంజనీరింగు, పాట అక్కడితో ఖతం. పేరే గమ్యం అనుకున్న ఇంట్లో ఈ లెక్క న్యాయంగానే కనపడుతుంది, తప్పుపట్టలేం. రోజూ పాడుకోవడమే అలవాటుగా ఉన్న ఇంట్లో ఈ ప్రశ్నే లేవదు. క్లాసు ఆగినా పిల్ల హాస్టల్ మేడ మీద పాడుకుంటుంది, సెలవులకి వచ్చి శ్రుతిపెట్టె తీస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటూ, హైదరాబాదు నుంచీ డాలస్ నుంచీ, ముప్పై దాటాక మళ్లీ నేర్చుకోవడానికి ఫోన్ చేసేవాళ్లు నాకు తరచూ తగులుతారు. అందరిదీ ఒకటే మాట, “వర్ణం దాకా వచ్చి ఆపేశానండీ.” (గీతాల తర్వాత, కీర్తనలకి ముందు వచ్చే మెట్టు వర్ణం.) ఆ గొంతులో ఉండే దిగులు వింటే మీకే తెలుస్తుంది. వాళ్లలో ఎవరూ పేరు రాలేదని బాధపడరు, పాట చెయ్యిజారిందని బాధపడతారు.

మగపిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక్క మాట. పదేళ్లప్పుడు ఎత్తయిన ఐదున్నర శ్రుతిలో కోకిలలా పాడే పిల్లవాడికి పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతుంది. స్థాయి దిగిపోతుంది, మధ్యలో కీచుగా పోతుంది, నిన్న పలికిన స్వరం ఇవాళ పలకదు. ఇది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే, కొన్ని నెలలు పడుతుంది. అప్పుడు శ్రుతి తగ్గించి, మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో, నెమ్మదిగా సాధన చేయించాలి, పైనున్న తారస్థాయికి లాగకూడదు. కానీ ‘బాల గాయకుడు’ అని పేరు పడిపోయిన పిల్లాడికి ఆ కొన్ని నెలలు నరకం. అందరూ పాత గొంతే అడుగుతారు. పెద్దవాళ్లు తొందరపెట్టి పాత శ్రుతిలోనే పాడించడం కళ్లారా చూశాను. ఆడపిల్లలకీ గొంతు మారుతుంది, ఇంత కొట్టొచ్చినట్టు తెలియదు. ఇద్దరిలో ఎవరికైనా సరే, పోటీల కోసం పెద్దవాళ్ల స్కేల్‌లో సినిమా పాటలు అరిచి పాడించి, గొంతు బొంగురుపోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల పాలు ఆపి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. స్వరతంతువుల మీద చిన్న కాయల్లాంటివి లేచి ఉండొచ్చు. చాలావరకు గొంతుకి విశ్రాంతి ఇస్తే, పాడే పద్ధతి మారిస్తే తగ్గుతాయి.

సరే, ఇంట్లో ఏం చెయ్యాలి.

ముందు మీరు మీ నోటిమాట మార్చుకోండి. పాట అయ్యాక “సూపర్”, “చిత్రగారిలా పాడావు” అనడం మానెయ్యండి. మొదటిదాంతో పిల్లకి ఏమీ తెలియదు, రెండోది ఇంకొకరి గొంతు తెచ్చి నెత్తిన పెట్టడం. దానికి బదులు మీ చెవికి ఏం తగిలిందో అది చెప్పండి. “చరణంలో కిందికి దిగావు చూడు, అక్కడ హాయిగా ఉంది.” “ఇవాళ తాళం పరిగెత్తలేదు.” సంగీతం రాని తల్లి కూడా ఇంతమాత్రం చెప్పగలదు. కార్యక్రమం నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆటోలో “ఫస్ట్ ఎవరికొచ్చింది” అన్నది మొదటి ప్రశ్న కాకుండా చూడండి. అసలు ఆ దారిలో పాట గురించి ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు, ఐస్‌క్రీమ్ కొనివ్వండి.

రెండోది, పాప దగ్గర మీరు నేర్చుకోండి. ఇది నేను చాలా ఇళ్లలో చేయించాను, ఎక్కడా వృథా పోలేదు. రోజూ సాయంత్రం పాపే మీకు ఆది తాళం వెయ్యడం నేర్పాలి. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు, మొత్తం ఎనిమిది. మీరు తప్పుతారు, పాప నవ్వుతుంది, దిద్దుతుంది. తొలి పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో మొదటి వరుస మీతో పాడిస్తుంది. నేర్పేవాళ్లకి ఎంతమంది చూస్తున్నారన్న ధ్యాస ఉండదు, ఎదురుగా ఉన్న ఒక్క శిష్యురాలికి వచ్చిందా లేదా అన్నదే ఉంటుంది. పైగా పిల్ల పాఠం దానంతటదే గట్టిపడుతుంది. మీవారిని కూడా కూర్చోబెట్టండి, చానల్ పెట్టాలన్న ఉత్సాహం కాస్త ఇటు మళ్లుతుంది.

చుట్టాలొచ్చినప్పుడు “మా పాప పాడుతుంది, ఏదీ, పాడమ్మా” అనే తంతు మనందరి ఇళ్లలో ఉన్నదే. పూర్తిగా ఆపమని చెప్పను, ఆపలేరు కూడా. “పాడాలనుందా?” అని పిల్లని పక్కకి పిలిచి అడగండి, వద్దంటే ఆ మాట మీరే చుట్టాలకి చెప్పండి. కాఫీలు ఇస్తూ సగంలో మాటల్లో పడిపోయే జనం ముందు పాడించడం మాత్రం వద్దు. వినేవాళ్లు ఇద్దరే అయినా వినాలి.

ఇక గుంపులో పాడటం. నా లెక్కలో పేరుపిచ్చికి ఇంతకుమించిన మందు లేదు. పుష్య బహుళ పంచమికి, అంటే సాధారణంగా జనవరిలో, తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధనతో పాటు మన ఊళ్లన్నిటిలోనూ ఆరాధనలు జరుగుతాయి. ఆ రోజు పెద్ద విద్వాంసులూ, నిన్న మొన్న చేరిన పిల్లలూ ఒకే చాప మీద కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగ పంచరత్న కీర్తనలు గోష్ఠిగా పాడతారు. ఎవరి గొంతూ విడిగా వినపడదు. పాపకి అవి ఇంకా రావు, రాకపోయినా కూర్చోబెట్టండి, పల్లవి అందుకుంటుంది. (వరాళి గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదని ఒక నమ్మకం ఉంది. శిష్యులు విని పట్టుకోవాలట. పిల్లలకి ఈ కథ చెప్తే ఆ కీర్తన వచ్చినప్పుడు చెవులు రిక్కించి వింటారు.) ధనుర్మాసంలో దగ్గర్లోని గుళ్లో తిరుప్పావై పాడే బృందం ఉంటే పంపండి. రోజుకొక పాశురం చొప్పున ముప్పై, తెల్లవారుజామున, చలిలో, ప్రేక్షకులు ఓ పదిమంది ముసలివాళ్లు. నెల అయ్యేసరికి పిల్లకి తెలియకుండానే కొత్త రాగాలు నోటికొస్తాయి. మన ముందు తరాలకి రేడియోలో ఇలాంటి చోటు ఉండేది. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల్ని పోగుచేసి ఎంతమందితో పాడించారో మీ అత్తగారిని అడగండి, చెప్తారు.

యూట్యూబ్ చానల్ గురించి మీవారితో ఇలా అనండి. పదమూడేళ్లు నిండని పిల్లకి అక్కడ సొంత ఖాతా ఉండకూడదని ఆ సంస్థ నియమమే చెబుతోంది, పెడితే మీ పేరుతో మీరే నడపాలి. పిల్లలున్న వీడియోల కింద కామెంట్లు చాలావరకు మూసేస్తున్నది కూడా 2019 నుంచి వాళ్లే, ఊరికే కాదు. ఇవన్నీ పక్కనపెట్టినా, ప్రతివారం వీడియో అంటే ప్రతివారం కొత్త పాట దింపాలి, మళ్లీ ఆ నాలుగు పాటల కథే. రికార్డు చెయ్యాలనుంటే పుట్టినరోజుకొకటి చేసి ఇంట్లో దాచండి, అమ్మమ్మావాళ్లకి పంపండి. పదేళ్ల తర్వాత పిల్ల అవి వరసగా విని తన గొంతు ఎలా పెరిగిందో చూసుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇప్పుడున్న ఆ పెళ్లి వీడియో తీసేయించాలా అంటే, అక్కర్లేదు. లెక్క మాత్రం పాపకి మీరై మీరు చెప్పకండి. అడిగితే అబద్ధం ఆడకండి, “చాలామంది చూశారు” అని ఊరుకుని “ఆ పాటలో నీకేది ఇష్టం?” అని అడగండి.

టీవీ ఆడిషన్ మాట. పాపకి తనంతట తనకే వెళ్లాలని గట్టిగా ఉంటే నేను కాదనను. పిల్లలకి నలుగురూ వినాలని ఉంటుంది, అది దురాశ కాదు. పేరంటే భయపడి పిల్లని ఎక్కడా పాడనివ్వని తల్లిదండ్రుల్ని కూడా చూశాను, ఆ పిల్లలు పెద్దయ్యాక నలుగురి ముందు నోరు విప్పలేక ఇబ్బందిపడతారు. కాకపోతే పంపేముందు చట్టం తెలుసుకోండి. పద్నాలుగేళ్లలోపు పిల్లలు కార్యక్రమంలో పాల్గొనాలంటే 2017 బాలకార్మిక నియమాల ప్రకారం నిర్వాహకులు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకి ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులు మించకూడదు, పిల్లకి వచ్చే డబ్బులో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో తన పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. ఇవి అడగండి. అడిగితే మొహం చిట్లించే వాళ్ల దగ్గరికి పంపనక్కర్లేదు. ఒప్పందం కాగితంలో వీడియో హక్కులు ఎవరివో, ఎన్నాళ్లో చదవండి. పాప ఏడిస్తే కెమెరా ఆపుతారా అని మొహమాటం లేకుండా అడగండి. ఇంకోటి, ఆడిషన్ కోసం కొత్త పాట దింపకండి. ఇప్పటికే వచ్చిన, పాపకి ఇష్టమైన పాటతో వెళ్లండి. అది చాలకపోతే ఈ ఏడు ఆ పోటీ మీకోసం కాదు.

నన్నడిగితే ఈ ఏడు వెళ్లొద్దనే అంటాను. పాపకి పదేళ్లు నిండగానే కేంద్రప్రభుత్వ సంస్థ సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) ఇచ్చే సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చెయ్యండి. పదినుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి ఇస్తారు. డబ్బు తక్కువే, టీవీలో కనపడరు, కానీ నేర్చుకుంటున్నట్టు చూపిస్తేనే కొనసాగుతుంది, నాకు నచ్చేది అదే. ప్రభుత్వ సంగీత కళాశాలల సర్టిఫికెట్ పరీక్షలు కూడా ఒకదారి. సిలబస్ మొత్తం రావాలి కాబట్టి నాలుగు పాటలతో గట్టెక్కడం కుదరదు.

చివరిగా, పోటీలకి పంపడం లేదని ఇప్పుడున్న టీచర్ని మార్చాలా అని కూడా ఉత్తరంలో అడిగారు. పోటీలకి పంపడం లేదన్న కారణానికైతే ఆవిణ్ని అస్సలు వదలొద్దు. వచ్చేవారం క్లాసుకి మీరూ వెళ్లి వెనక కూర్చోండి. ఆవిడ పిల్లలతో కలిసి పాడుతోందా, తప్పు వచ్చినప్పుడు అది ఎక్కడ వచ్చిందో చూపిస్తోందా, క్లాసు అయ్యాక పిల్లలు మెట్లు దిగుతూ ఆ రోజు పాఠం కూనిరాగం తీస్తున్నారా అన్నవి చూసి నాకు మళ్లీ రాయండి.